నీళ్ళు చల్లకుండా తవ్విన సొరంగం

మా అన్న సాయంత్రం పని నుంచి వస్తే మా అవ్వ నేరుగా ఇంట్లోకి రానివ్వదు. "పిండి మిషన్లో పడి లేచినట్టుండావు, ముందు నీళ్ళు పోసుకోపో" అంటుంది. అన్న హోసూరు చుట్టుపక్కల కట్టే అపార్ట్‌మెంట్లలో టైల్స్ వేసే పనికి పోతాడు. టైల్స్‌ని, గ్రానైట్ పలకల్ని కొలతకు కోసేది తన పని. చేతి మిషన్‌తో కోస్తాడు. ఆ దుమ్ము తలమీద, కనురెప్పల మీద, చెవుల్లో తెల్లగా పట్టుకొని ఉంటుంది. ముక్కుకు ఒక చేతిరుమాలు కట్టుకుంటాడు. అంతే.

ఈ ఏడు మన బడి పత్రికకు "చరిత్రలో కష్టజీవులు" అనే అంశం మీద వ్యాసాలు రాయమని మా సాంఘికం సార్ చెప్పినారు. నేను మొదట రాజుల కోటలు కట్టిన కూలీల గురించి రాద్దామనుకున్నాను. కానీ అన్న తల మీది తెల్ల దుమ్ము చూసినాక, ఈ దుమ్ముకు కూడా ఒక చరిత్ర ఉంటుందా అని సార్‌ని అడిగినాను. "ఉంది, చాలా పెద్ద చరిత్ర" అని ఆయన నాకు చదవడానికి కొన్ని ఇచ్చినారు. అవి చదివి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

రాతి దుమ్ము ఏం చేస్తుంది?

ఇసుకలో, గ్రానైట్‌లో, సిమెంటు కాంక్రీటులో, ఇటుకలో, టైల్స్‌లో సిలికా అనే పదార్థం ఉంటుంది. భూమి పైపొరలో ఎక్కడ చూసినా అదే. ముట్టుకుంటే ఏమీ కాదు. మనమంతా చిన్నప్పుడు ఇసుకలోనే ఆడుకున్నాం. రాయిని కోసినప్పుడు, తొలిచినప్పుడు, పొడి చేసినప్పుడే ప్రమాదం. అప్పుడు మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని రేణువులు గాలిలోకి లేస్తాయి. కంటికి కనిపించే దుమ్మును ముక్కు, గొంతు కొంతవరకు ఆపుతాయి. కనిపించని దుమ్ము ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది.

అక్కడ మన ఒంటిని కాపాడే కణాలు ఆ రేణువును మింగేస్తాయి. కానీ దాన్ని అరిగించుకోలేక అవే చచ్చిపోతాయి. ఆ చోట పుండు మానినట్టు గట్టి మచ్చ ఏర్పడుతుంది. ఏళ్ళ తరబడి అట్లాంటి మచ్చలు పెరిగి ఊపిరితిత్తి సాగే గుణం పోతుంది. ముందు దగ్గు, తర్వాత ఆయాసం, ఆ తర్వాత నాలుగడుగులు వేయలేని పరిస్థితి. దీన్నే సిలికోసిస్ అంటారు. ఒకసారి పడిన మచ్చను పోగొట్టే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదిరిపోవచ్చు. పైగా ఈ జబ్బున్న వాళ్ళకు క్షయ తొందరగా పట్టుకుంటుంది. అందుకే చాలామందిని ఉత్త క్షయ రోగులనుకుంటారు. ఈ సంగతి మళ్ళీ చెప్తాను, ఎందుకంటే మా ఇంట్లో దానికి సంబంధం ఉంది.

ఇది కొత్తగా తెలిసింది కాదు

నేను ఈ జబ్బును ఈమధ్యే డాక్టర్లు కనిపెట్టి ఉంటారనుకున్నాను. అది తప్పు. 1556లో అచ్చయిన అగ్రికోలా గనుల పుస్తకంలోనే దీని మాట ఉంది. గని దుమ్ము వల్ల మగవాళ్ళు వరసగా చనిపోతుంటే, కార్పాతియన్ కొండల్లో ఏడుగురు భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళు కూడా ఉన్నారని ఆయన రాసినాడు. 1700లో ఇటలీ వైద్యుడు రామజ్జినీ ఏ పనివాళ్ళకు ఏ జబ్బులు వస్తాయో ఒక పుస్తకమే రాసినాడు. రోగి దగ్గరికి పోయినప్పుడు "నువ్వు ఏం పని చేస్తావు?" అని కూడా అడగాలని డాక్టర్లకు చెప్పింది ఆయనే. సిలికోసిస్ అనే పేరు 1870 నాటికే వచ్చింది.

జబ్బు పాతదైనా అది పెరిగింది యంత్రాల వల్ల. సుత్తితో, ఉలితో కొట్టే రోజుల్లో దుమ్ము తక్కువ లేచేది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో గాలి ఒత్తిడితో నడిచే డ్రిల్లింగ్ మిషన్లు వచ్చినాయి. పని ఎన్నో రెట్లు వేగంగా జరిగింది, దుమ్మూ అట్లాగే లేచింది. అమెరికా గనుల్లో ఆ మిషన్‌కు "విధవల్ని చేసేది" అని అర్థం వచ్చే పేరు పెట్టినారు. అయితే దానికి విరుగుడు కూడా త్వరగానే వచ్చింది. 1897 ప్రాంతంలో లేనర్ అనే ఆయన డ్రిల్లు కడ్డీ మధ్యలో బోలుగా చేసి, దాంట్లో నుంచి నీళ్ళు పోయేలా మిషన్ తయారు చేసినాడు. నీళ్ళు తగిలితే దుమ్ము బురదై కిందికి జారిపోతుంది, గాలిలోకి లేవదు.

ఇది నేను ఇంట్లో చదివి వినిపిస్తే మా అవ్వ నవ్వింది. "ఇది కనిపెట్టేదానికి ఒక దొర కావాల్నా? వాకిట్లో నీళ్ళు చల్లకుండా ఎవురన్నా ఊడుస్తారా?" అనింది. నిజమే. తెల్లారి లేస్తే మన ఊళ్ళలో ప్రతి ఆడమనిషీ చేసేది అదే. దుమ్ము లేవకూడదంటే ముందు నీళ్ళు చల్లాల.

హాక్స్ నెస్ట్ సొరంగం

నీళ్ళు చల్లడం తెలిసీ చల్లకపోతే ఏమవుతుందో చూపించిన చోటు అమెరికాలో వెస్ట్ వర్జీనియా రాష్ట్రంలో ఉంది. దాని పేరు హాక్స్ నెస్ట్. దగ్గరి ఊరు గాలీ బ్రిడ్జ్. అక్కడి న్యూ రివర్ అనే నది నీళ్ళను కొండ కిందుగా మళ్ళించి కరెంటు తీయాలని ఒక సొరంగం తలపెట్టినారు. పొడవు సుమారు 3 మైళ్ళు, అంటే దాదాపు 5 కిలోమీటర్లు. ఆ కరెంటు యూనియన్ కార్బైడ్ కంపెనీ లోహాల ఫ్యాక్టరీకి కావాలి. (1984లో భోపాల్ విషవాయువు దుర్ఘటనలో మనం వినే పేరు ఇదే.) తవ్వే కాంట్రాక్టు రైన్‌హార్ట్ అండ్ డెన్నిస్ అనే కంపెనీ తీసుకుంది. 1930లో పని మొదలైంది.

అప్పుడు అమెరికాలో పెద్ద ఆర్థిక మాంద్యం. పని లేక జనం అల్లాడుతున్నారు. సొరంగంలో పని ఉందని తెలిసి దక్షిణ రాష్ట్రాల నుంచి వేలమంది వచ్చినారు. సొరంగం లోపల పనిచేసిన వాళ్ళు సుమారు 3,000 మంది. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతి వాళ్ళు. కూలి గంటకు 25 సెంట్ల దాకా పడిపోయినా ఎవరూ మానుకోలేదు. మానుకుంటే ఇంకొకడు వాకిట్లో నిలబడి ఉన్నాడు.

కొండ తొలిచేకొద్దీ లోపల చాలా శుద్ధమైన సిలికా రాయి బయటపడింది. కొన్ని చోట్ల రాతిలో నూటికి 90 పాళ్ళకు మించి సిలికానే. ఆ రాయి ఫ్యాక్టరీకి కూడా పనికొస్తుంది కాబట్టి, ఆ భాగంలో సొరంగాన్ని ఇంకా వెడల్పు చేసినారు. అంత సిలికా ఉన్న చోట నీళ్ళు పెట్టి డ్రిల్లింగ్ చేయాలని అప్పటికే ముప్ఫై ఏళ్ళుగా తెలుసు. కానీ పొడిగా తొలిస్తే పని వేగంగా సాగుతుంది. ఎక్కువగా పొడిగానే తొలిచినారని పనివాళ్ళు తర్వాత సాక్ష్యం చెప్పినారు. పక్కనున్న మనిషి కూడా కనిపించనంత దుమ్ము ఉండేదనీ, తాగే నీళ్ళు పాల మాదిరి తెల్లగా అయ్యేవనీ, మందు పేల్చిన పొగ పోకముందే లోపలికి తోలేవాళ్ళనీ చెప్పినారు. తమకు మాస్కులు ఇవ్వలేదని, చూసిపోవడానికి వచ్చిన పెద్దవాళ్ళు మాత్రం పెట్టుకున్నారని కూడా చెప్పినారు. కంపెనీ ఈ మాటలు ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక విషయం నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. ఈ సొరంగం లెక్కల్లో గని కాదు, కట్టడం పని. అందుకని గని పనివాళ్ళకు ఉన్న జాగ్రత్తల నియమాలు దీనికి వర్తించలేదు. రాయి అదే, దుమ్ము అదే, ఊపిరితిత్తులూ అవే. కాగితం మీద ఒక్క మాట మారితే కాపలా పోయింది.

ఇంకో విషయం కూడా. అదే 1930లో, ఆగస్టు నెలలో, దక్షిణాఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గ్‌లో సిలికోసిస్ మీద అంతర్జాతీయ సమావేశం జరిగింది. పలు దేశాల డాక్టర్లు కూర్చొని ఈ జబ్బు ఎట్లా వస్తుంది, ఎట్లా ఆపాలి అని చర్చించినారు. వాళ్ళు అక్కడ మాట్లాడుకుంటున్నప్పుడు ఇక్కడ పనివాళ్ళు ఆ దుమ్మునే పీల్చుకుంటూ ఉన్నారు.

మామూలుగా సిలికోసిస్ ముదరడానికి పదేళ్ళు, ఇరవై ఏళ్ళు పడుతుంది. హాక్స్ నెస్ట్‌లో దుమ్ము ఎంత దట్టమంటే కొందరు కొన్ని నెలలకే పడిపోయినారు. చనిపోయిన వాళ్ళకు న్యుమోనియా అని రాసినారు. కొందరు డాక్టర్లు "సొరంగపు జబ్బు" అని కూడా అన్నారు. దూరం నుంచి వచ్చిన నల్లవాళ్ళను ఊరి శ్మశానాల్లో పూడ్చే వీలు లేక, చాలామందిని సమ్మర్స్‌విల్ దగ్గర ఒక పొలంలో పూడ్చిపెట్టినారు. జబ్బుపడిన మిగతావాళ్ళు ఎక్కడెక్కడికో వెళ్ళిపోయినారు. వాళ్ళ లెక్క ఎవరు తీసినారు?

అందుకే చనిపోయిన వాళ్ళ సంఖ్య ఈరోజుకీ ఒక్కటిగా లేదు. కంపెనీ ఒప్పుకున్నది 109. అమెరికా పార్లమెంటు విచారణలో వచ్చిన లెక్క 476. తర్వాత మార్టిన్ చెర్నియాక్ అనే డాక్టరు పాత రికార్డులన్నీ వెతికి 1986లో వేసిన పుస్తకంలో 764 మంది అని అంచనా కట్టినాడు. ఈ మూడు అంకెలను నేను నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకున్నాను. 764లో 109 తీసేస్తే 655. అంతమంది ఉండీ లేనట్టే కదా అనిపించింది.

జోన్స్ కుటుంబం

అంకెల కంటే నాకు ఎక్కువ గుర్తుండిపోయింది జోన్స్ అనే కుటుంబం. తండ్రి, ముగ్గురు కొడుకులు సొరంగంలో పనిచేసినారు. అందరికీ జబ్బు చేసింది. చిన్నకొడుకు షర్లీకి ఇరవై ఏళ్ళు కూడా లేవు. ఎక్స్‌రే తీయాలంటే డబ్బు కావాలి. తల్లి దారినపోయే వాళ్ళ దగ్గర అడుక్కొని ఆ డబ్బు పోగు చేసింది. నేను చచ్చిపోయినాక నా ఒళ్ళు కోయించి చూడమ్మా, ఆ దుమ్మే చంపిందేమో తెలుస్తుంది, తెలిస్తే నీకు నష్టపరిహారమన్నా వస్తుంది అని ఆ పిల్లవాడు తల్లితో చెప్పినాడట. అట్లాగే చేసినారు. జబ్బు సిలికోసిస్ అని తేలింది. ముగ్గురు కొడుకులూ పోయినారు.

తర్వాత వందలమంది కోర్టుకు పోయినారు. చివరికి రాజీ చేసుకొని కొద్ది డబ్బు ఇచ్చినారు. నల్లవాళ్ళకు తెల్లవాళ్ళ కంటే తక్కువ. 1936లో అమెరికా పార్లమెంటు కమిటీ సాక్ష్యాలు విని, మనుషుల ఆరోగ్యాన్ని లెక్కచేయకుండా ఈ పని చేయించినారని తేల్చింది. జైలుకు మాత్రం ఎవరూ పోలేదు. కానీ ఆ సాక్ష్యాల వల్ల దేశమంతా సిలికోసిస్ అనే మాట వినింది. అదే ఏడు కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ ఈ జబ్బు మీద జాతీయ సమావేశం పెట్టించింది. చాలా రాష్ట్రాలు ఈ జబ్బుకు నష్టపరిహారం ఇచ్చే చట్టాలు చేసుకున్నాయి.

మనకు దగ్గరలో

ఇదంతా ఎక్కడో అమెరికా కథ అనుకోవద్దు. మనకు దగ్గరలోనే కోలారు బంగారు గనులున్నాయి. 1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చి అక్కడ తవ్వకాలు మొదలుపెట్టింది. తమిళులు, మన తెలుగువాళ్ళు వేలమంది ఆ గనుల్లోకి దిగినారు. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్ల కంటే లోతుకు పోయింది. బంగారం ఉండేది తెల్లటి పలుగురాతిలో. పలుగురాయి అంటే సిలికానే. 1940ల్లో ఏడువేల మందికి పైగా గని కార్మికులను పరీక్షిస్తే, వందమందిలో నలభైమందికి పైగా సిలికోసిస్ ఉన్నట్టు తేలింది. మన దేశంలో ఈ జబ్బు గురించి వచ్చిన తొలి పెద్ద పరిశోధన అదే. గనులు 2001లో మూతపడినాయి.

మన కృష్ణగిరి జిల్లా గ్రానైట్‌కు పేరున్నది. మా తాత ఒక క్వారీలో చాలా ఏళ్ళు రాళ్ళు కొట్టినాడు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆయన చనిపోయినాడు. ఆఖరి రెండేళ్ళు దగ్గు, ఆయాసం. మంచం మీద పడుకోలేక రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునేవాడు. ఆస్పత్రిలో క్షయ అని మందులిచ్చినారు. మందులన్నీ మింగినా తగ్గలేదు. ఆయనది సిలికోసిసే అని నేను చెప్పలేను, క్షయే అయినా అయి ఉండవచ్చు. కానీ మా అవ్వను అడిగితే ఒక మాట చెప్పింది. "తాగుతావా, బీడీ కాలుస్తావా అని అడిగినారు కానీ, ఏం పని చేస్తావని ఒక్కరూ అడగలేదు" అని. 1700లో రామజ్జినీ అడగమన్న ప్రశ్న అదే కదా!

చట్టాలు ఏం చెప్తున్నాయి?

మన దేశంలో చట్టాలు లేవని కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, డాక్టర్లు ప్రభుత్వానికి తెలియజేయాల్సిన జబ్బుల పట్టికలో సిలికోసిస్‌ను చేర్చినారు. కట్టడ కార్మికుల కోసం 1996లో వేరే చట్టం వచ్చింది. మన తమిళనాడులో కట్టడ కార్మికుల సంక్షేమ బోర్డు అంతకు ముందే, 1994లోనే ఏర్పడింది. గుజరాత్‌లో పలుగురాయిని పొడి చేసే మిల్లుల్లో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు ఒక్కొక్కరికి 3 లక్షల రూపాయలు ఇవ్వాలని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. వాళ్ళు కూడా పని కోసం దూరం పోయిన ఆదివాసీలే. పోరాడితే న్యాయం రావచ్చు అని దీనివల్ల తెలుస్తుంది. అయితే వచ్చేసరికి మనుషులు లేరు.

అమెరికా కట్టడాల్లో 2017 నుంచి కొత్త నియమం అమలవుతోంది. గాలిలో ఘనపు మీటరుకు 50 మైక్రోగ్రాములకు మించి సిలికా దుమ్ము పనివాడు పీల్చకూడదు. ఏ మిషన్‌కు నీళ్ళు పెట్టాల, దేనికి దుమ్ము పీల్చే గొట్టం పెట్టాల అని ఒక పట్టికే ఇచ్చినారు. ఆస్ట్రేలియాలో ఇంకా ముందుకు పోయి, వంటింటి గట్టుకు వేసే కృత్రిమ రాతి పలకలను 2024 జులై 1 నుంచి నిషేధించినారు. ఆ పలకల్లో చాలావాటిలో నూటికి 90 పాళ్ళ దాకా సిలికా ఉంటుంది. వాటిని కోసిన చిన్నవయసు వాళ్ళకే జబ్బు వచ్చింది. హాక్స్ నెస్ట్ రాయి, ఇప్పటి వంటింటి గట్టు ఒకే మాదిరివని తెలిసి నేను ఆశ్చర్యపోయినాను.

మళ్ళీ మా ఇంటికి

ఇవన్నీ చదివి ఒక ఆదివారం అన్నకు చెప్పినాను. ముందు నవ్వినాడు. నేను షర్లీ కథ చెప్పినాక నవ్వలేదు. "నీళ్ళు పోసి కోస్తే మంచిదని నాకూ తెలుసురా. కానీ పని లేటయితాది, నేలంతా బురదయితాది. చేతి మిషన్ మీద నీళ్ళు పడితే కరెంటు కొడుతుంది. మాతో పనిచేసే ఒడిశా అబ్బాయిని ఒకసారి అట్లే విసిరేసింది" అన్నాడు.

అన్న చెప్పింది నిజమే. నీళ్ళు, కరెంటు కలిస్తే ప్రాణం పోతుంది. కాబట్టి సీసాతో నీళ్ళు పోస్తూ కోయమని నేను ఎవరికీ చెప్పను. నీటి గొట్టం అమర్చే తయారుచేసిన మిషన్ వేరే ఉంటుంది. దానికి సరైన ఎర్తింగ్, షాక్ కొట్టగానే కరెంటు ఆపేసే బ్రేకరు ఉండాల. అవి కొనాల్సింది కూలివాడు కాదు, పని చేయించేవాళ్ళు. చేతిరుమాలు కంటికి కనిపించే దుమ్మునే ఆపుతుంది. సన్న దుమ్మును ఆపడానికి ఎన్95 మాస్కులాంటిది కావాల, అదీ ముఖానికి సందు లేకుండా అతుక్కోవాల. మాస్కు ఆఖరి కాపలా మాత్రమే. మొదట దుమ్ము లేవకుండా చేయాల.

అన్న పనిచేసే చోట ఒక బోర్డు ఉందంట, జాగ్రత్తలన్నీ ఇంగ్లీషులో రాసి. అక్కడ పనిచేసేవాళ్ళు తెలుగు, తమిళం, హిందీ, ఒడియా మాట్లాడతారు. ఆ బోర్డు ఎవరికోసం పెట్టినారో తెలియదు. సొంత భాషలో చదువుకోవడం ఎందుకు అని మనల్ని చాలామంది అడుగుతుంటారు. నాకు ఆరోజు ఒక జవాబు దొరికింది.

మరుసటి వారం అన్న మేస్త్రిని అడిగినాడు. ఆయన దగ్గర నీళ్ళతో కోసే బల్ల మిషన్ ఉందంట, పెద్ద పనులకే తీస్తాడంట. ఇప్పుడు గ్రానైట్ పలకలు దాని మీద కోయడానికి ఒప్పుకున్నాడు. చిన్న చిన్న టైల్ ముక్కలు ఇంకా పొడిగానే కోస్తున్నారు. అయితే గదిలో కాకుండా బయట, గాలి వాటం చూసుకొని కోస్తున్నారంట. సాయంత్రం ఊడ్చేముందు నేలను తడుపుతున్నారు. అన్న తల ఇంకా తెల్లగానే ఉంటుంది, కానీ ముందున్నంత కాదు. ఇది చాలదని నాకు తెలుసు.

మన బడిలో చదివే చాలామంది ఇళ్ళలో ఎవరో ఒకరు కట్టడం పనికో, క్వారీకో, గ్రానైట్ ఫ్యాక్టరీకో పోతుంటారు. వాళ్ళకు దగ్గు వస్తే ఆస్పత్రికి తోడు పోండి. డాక్టరు అడగకపోయినా "మా నాయన రాళ్ళు కోసే పని చేస్తాడు సార్, ఇన్నేళ్ళ నుంచి చేస్తున్నాడు" అని మీరే చెప్పండి. మా తాత విషయంలో ఆ మాట చెప్పడానికి మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు తెలుసు.